ఖాళీ మూల రాసిందెవరు?

కిందటివారం భూతద్దాన్ని మనం మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. ఆమె చేతిలో ఒక ఫొటో ఉంది. అందులో పాత కాగితం మూల ఒకటి కనిపిస్తోంది, అంతే. అక్షరం ముక్క లేదు. ఆ మూలనే యంత్రానికి చూపించి "ఇది రాసిందెవరు?" అని అడిగింది. రాతే లేనిచోట రాసినవాడు ఎక్కడుంటాడు? తెలియదనాలి. అది తడుముకోకుండా "ఎడమచేతాయన" అంది. భూతద్దానికి కాళ్ల కింద నేల కదిలింది.

ఆ నేల ఎలాంటిదో కొత్తగా చదివేవాళ్లకు చెప్పాలి.

భూతద్దం అన్నది పనిచోట ఆమెకు పెట్టిన పేరు. కాగితాన్ని ముక్కుకు ఆనించి చూస్తుందని వెక్కిరింపుగా పెట్టారు, అదే నిలిచిపోయింది. ఊరూరా తిరిగి ఆడిన పాత నాటక సమాజాలకు అచ్చు పుస్తకాలుండేవి కావు. ఎవరో ఒకరు కూర్చుని చేత్తో నకళ్లు రాసిచ్చేవారు. నాటకం కట్టినవాడికి పేరు, ఆడినవాడికి చప్పట్లు, నకలు రాసినవాడికి నడుంనొప్పి. ఆ పేరు లేనివాళ్లను చేతిరాతను బట్టి పట్టుకోవాలని ఆమె పంతం. అటకల మీంచీ ట్రంకుపెట్టెల్లోంచీ కాగితాలు పోగుచేసింది. ఒక్కొక్కటీ ఫొటో తీసింది. ఏది ఎవరి చేయో పోల్చుకోవడం యంత్రానికి నేర్పింది. అలా దొరికినవాడు ఎడమచేతాయన. సిరా ఆరకముందే అరచేయి రాసుకుపోయిన మరకలు ఆయన రాత నిండా ఉంటాయి. ఒకరి పొడ ఒకరికి గిట్టని రెండు సమాజాలకూ ఆయనే గుట్టుచప్పుడు కాకుండా నకళ్లు రాసిచ్చాడని యంత్రం తేల్చింది. ఆ సంగతి మీద భూతద్దం, ఆమె పైఅధికారి పెద్దసారు కలిసి వ్యాసం అచ్చు వేశారు. నలుగురూ మెచ్చుకున్నారు. ఏటికేడు పొడిగిస్తూ వచ్చిన ఆమె కొలువును ఖాయం చెయ్యాలా వద్దా అని తేల్చడానికి ఇవాళ ముగ్గురు పెద్దలు కూర్చుంటున్నారు.

ఇదీ ఆ నేల. ఇప్పుడు దానికింద ఏమీ లేదని ఆమె ఒక్కతెకే తెలుసు. ఆమెకూ, మరిదికీ.

పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరుతుంటే అత్తగారు చేతికర్ర ఆసరాతో గుమ్మం దాకా వచ్చింది.

"ఇవాళైనా నీ కుర్చీకి నాలుగో కాలు వస్తుందా అమ్మాయ్?"

"వచ్చే కాలు సంగతి తర్వాత అత్తయ్యా, ఉన్న మూడూ ఊగుతున్నాయి."

"విరిగిన నా కాలే నిలబెట్టావు. కొయ్యకాలు నీకో లెక్కా?" అందావిడ.

వ్యాసం అచ్చుకు వెళ్లిన రోజుల్లోనే ఆవిడ కాలు విరిగింది. భూతద్దం ఆసుపత్రిలో మంచం పక్కన స్టూలు మీద ఉండిపోయింది. వ్యాసం పంపడం, పత్రికవాళ్లడిగిన ప్రశ్నలకు జవాబులివ్వడం, ఆ తంటాలన్నీ మరిదే నెత్తినేసుకున్నాడు. భర్తకు తమ్ముడు, యంత్రానికి ప్రోగ్రాము రాసినవాడు. ఇంట్లో వదినా మరుదులు, పనిచోట జోడెడ్లు. ఆమె అక్షరం చూస్తుంది, అతను అంకె చూస్తాడు. సాహిత్యం వాళ్ల గదికి వెళితే ఆమెను కంప్యూటరు మనిషి అంటారు. కంప్యూటరు వాళ్ల గదికి వెళితే పుస్తకాల మనిషి అంటారు. రెండు గదుల్లోనూ ఆమెకు కుర్చీ వేసినవాళ్లు లేరు. అందుకే తన గది తానే చూసుకుంది. పాత కాగితం వాసన, వేడెక్కిన కంప్యూటర్ల వాసన కలిసి ఉండే ఆ చివరి గది.

ఆ గదికి పడమటి వైపు ఒక కిటికీ ఉంది. గొడవంతా అక్కడే. రెండు సమాజాల కట్టలనూ ఆ కిటికీ పక్క బల్ల మీద పెట్టి, ఎండ ఏటవాలుగా పడే వేళ ఫొటోలు తీశారు. మిగతా కట్టలన్నిటినీ లోపలిగదిలో దీపాల కింద తీశారు. కిటికీ వెలుగులో కాగితం గరుకంతా చిన్నచిన్న నీడలై తేలుతుంది. యంత్రం ఆ నీడల్ని పట్టుకుంది. ఆ ఖాళీ మూల ఫొటో కూడా కిటికీ పక్కన తీసిందే. రాతను చూసి మనిషిని పోల్చుతోందని వీళ్లు మురిసిపోతుంటే, అది ఎండను చూసి కిటికీని పోల్చుతోంది. బయటివాళ్లెవరికీ ఇలాంటి తప్పు చెయ్యడం చేతకాదు. అంత పని చేస్తేగానీ ఇంత తప్పు రాదు.

ఈ వారమంతా వదినా మరిదీ కిటికీకి నల్లగుడ్డ కట్టి, కట్టలన్నీ లోపలిగదిలో ఒకేరకం దీపాల మధ్య మళ్లీ ఫొటోలు తీశారు. రాతచుట్టూ ఉన్న అంచులు కత్తిరించి, యంత్రానికి మళ్లీ మొదటినుంచీ నేర్పారు. కొత్తది నిన్న సిద్ధమైంది. దాన్నింకా ఏమీ అడగలేదు.

ఆమె గదిలోకి వచ్చేసరికి మరిది రెండు కప్పుల టీ పెట్టుకుని కూర్చున్నాడు. రెండూ చల్లారిపోయాయి.

"ఏంటి వదినా, పరీక్షకెళ్లే పిల్లలా ఉన్నావు?"

"నువ్వు ఫలితాలొచ్చిన పిల్లాడిలా ఉన్నావు. ఏమైంది?"

"నాకేమవుద్ది." కప్పు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఒక మాటంటా, కోప్పడకు. ఇవాళ ఆ ఖాళీ మూల ఊసెత్తకు. ఉద్యోగం కాయితం చేతికొచ్చాక తీరిగ్గా సవరణ వేద్దాం. దాచెయ్యమనట్లేదు. నాలుగు రోజులు ఆగమంటున్నా."

"ఆ నాలుగు రోజుల్లోనే కదా ఉద్యోగమిచ్చేది."

"ఖాళీ కాగితం గురించి ఎవరడుగుతారు వదినా?"

"నేనడిగాను కదా."

మరిది దారి మార్చాడు. "పోనీ, కొత్తదాన్ని మనం ముందొకసారి అడిగి చూసుకుందాం. అదీ ఎడమచేతాయనే అందనుకో, ఈ గొడవే ఉండదు. దర్జాగా వెళ్లొచ్చు."

"కాదందనుకో?"

"అప్పుడు ఆలోచిద్దాం."

"అదే వద్దంటున్నా. నచ్చని జవాబొస్తే ఇంకోసారి నేర్పుదామనిపిస్తుంది. నచ్చేదాకా నేర్పుతాం. చివరికి అది చెప్పేది మన మాటే. వాళ్ల ముందే అడుగుదాం."

"చూసుకోకుండానా? గుడ్డిగా?"

"ఇంతకాలం చూసి చేసింది ఏడ్చినట్టే ఉంది కదా, ఒకసారి గుడ్డిగా చేద్దాం."

"నీ చాదస్తం తగలెయ్య," అన్నాడు మరిది. నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. భూతద్దం దాన్ని చూసింది. తన కోసం బెంగపడుతున్నాడు పాపం అనుకుంది. కంప్యూటరు చంకలో పెట్టుకుని అతను వెనక నడిచాడు.

ఇంటర్వ్యూ గదిలో పొడుగాటి బల్ల, దానికి అటు మూడు కుర్చీలు, ఇటు ఒకటి. మధ్యలో కూర్చున్నావిడ సాహిత్య శాఖ పెద్ద. ఆవిడ దిద్దిన కాగితాలు తట్టు పోసినట్టు తిరిగొస్తాయని అందరూ ఎర్రసిరా అంటారు. కాగితాన్ని చదవాల్సింది కళ్లు, కరెంటు కాదని సభల్లో చెప్పిన మనిషి. ఆవిడకు కుడివైపు పెద్దసారు. ఇస్త్రీ చొక్కా, తన మనిషి గెలవబోతోందన్న నిబ్బరం. ఎడమవైపు వేరే సంస్థ నుంచి వచ్చిన పరీక్షకుడు. ఆయన ఎవరేం చెప్పినా తలూపుతాడు, ఏమీ అనడు. తలూపుడాయన అని అప్పటికే పేరు పడింది.

"ఈ అభ్యర్థి గురించి నేను చెప్పక్కర్లేదు," అని పెద్దసారు మొదలుపెట్టాడు. "ఎడమచేతాయనతోనే..."

"సార్, ముందు నేనొకటి చెప్పాలి," అంది భూతద్దం. "ఎడమచేతాయన సంగతి తప్పు."

పెద్దసారు చెయ్యి గాలిలోనే ఆగింది.

ఆమె కూర్చోకుండానే చెప్పింది. కిటికీ సంగతి, ఎండ సంగతి, నీడల సంగతి, ఏదీ దాచలేదు. పాత ప్రోగ్రాము తెర మీద పెట్టమని మరిదికి చెప్పి, ఖాళీ మూల బొమ్మ చూపించింది. ఇది రాసిందెవరు? ఎడమచేతాయన, అంది తెర.

ఎర్రసిరా కళ్లజోడు సవరించుకుంది. "ఇందులో రాతేదీ?"

"లేదు మేడం."

"మరి?"

"చిన్నప్పుడు మా ఇంట్లో దూడ ఉండేది. నన్ను చూస్తే చాలు, చెవులు రిక్కించుకుని పరిగెత్తుకొచ్చేది. నన్నే గుర్తుపట్టిందని ఊరంతా చెప్పుకున్నాను. ఒకరోజు కుడితి బకెట్టు లేకుండా వెళ్లాను. తలెత్తి కూడా చూడలేదు. అది గుర్తుపట్టింది బకెట్టుని."

తలూపుడాయన తలూపలేదు. ముందుకు వంగాడు.

"ఖాళీ కాగితం చూసి బోలెడు చదివిన పండితులు మా శాఖలోనూ ఉన్నారు," అంది ఎర్రసిరా. "కాకపోతే వాళ్లెవరూ ఇంతవరకు ఒప్పుకోలేదు."

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. "ఇది చిన్న సాంకేతిక లోపం మేడం. ఈ అమ్మాయి కాస్త ఎక్కువ చేసి చెబుతోంది. మూలసూత్రానికి ఢోకా లేదు."

"ఉందో లేదో ఇప్పుడే తేలుతుంది సార్," అంది భూతద్దం. "ఒకే వెలుగులో ఫొటోలు తీసి, అంచులు కత్తిరించి కొత్తగా నేర్పాం. దాని జవాబు ఇంతవరకు నేనూ చూడలేదు."

"చూడకుండా ఇక్కడికి తెచ్చావా?" అన్నాడు పెద్దసారు. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది.

"అడుగు," అంది ఎర్రసిరా.

మరిది మీట నొక్కాడు. ముందుగా ఖాళీ మూల. ఇది రాసిందెవరు? తెర మీద చిన్న చక్రం తిరిగింది. చక్రం ఆగింది.

తెలియదు.

ఆ ఒక్క మాట చూసి భూతద్దం ముఖం విప్పారింది. బిడ్డ మొదటిసారి అబద్ధం మానేసి నిజం చెప్పినప్పుడు తల్లి ముఖం అలాగే ఉంటుంది. యంత్రానికి ఎన్నో పేర్లు నేర్పింది గానీ, తెలియదనడం ఇంతకాలం నేర్పలేకపోయింది. అది నేర్చుకుంది.

"ఇప్పుడు ఆ రెండు కట్టలూ," అంది ఆమె.

చక్రం ఈసారి ఎక్కువసేపు తిరిగింది. పెద్దసారు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఏళ్ల కష్టం, అచ్చయిన వ్యాసం, ఖాయం కావలసిన కొలువు, అన్నీ ఆ చక్రంతోపాటు తిరుగుతున్నాయి. భూతద్దం మాత్రం తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి చూస్తోంది. ఇంటర్వ్యూకి వచ్చిన సంగతే మరిచిపోయిన మనిషిలా ఉంది.

ఇద్దరు వేర్వేరు మనుషులు, అంది తెర.

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "అయితే వ్యాసం పోయినట్టే."

"వ్యాసం పోయింది సార్," అంది భూతద్దం. "ఎడమచేతాయన ఉన్నాడు. ఆ చేతిమరకలున్నది మొదటి కట్టలో. అవి నేను కళ్లతో చూశాను, యంత్రంతో పనిలేదు. రెండో కట్టలో మరకలు లేవు. అప్పుడే అనుమానపడాల్సింది. జాగ్రత్తగా రాసుంటాడులే అని సరిపెట్టుకున్నాను. ఆ కట్ట ఇంకొకాయనది. ఇన్నాళ్లూ ఆయన కష్టాన్ని తీసుకెళ్లి వేరేవాళ్లకు కట్టబెట్టాను. ఇవాళ ఆయన బయటపడ్డాడు. ఒకాయన పోయి ఇద్దరయ్యారు, అంతే."

ఓడిపోయినవాళ్లు ఇలా మాట్లాడరు. గెలిచినవాళ్లు అసలే మాట్లాడరు. ఎర్రసిరా తన ఎర్రకలానికి మూత పెట్టింది. ఆ కలానికి మూత పడటం ఆ శాఖలో ఎవరూ చూసి ఉండరు.

"నా ఎదుట ఎందరో కూర్చున్నారు," అంది. "అందరూ కట్టిన ఇల్లు చూపించడానికి వచ్చినవాళ్లే. కట్టిన ఇంటిని మన ముందే కూల్చి, పునాది చూపించిన మనిషిని ఇవాళే చూస్తున్నాను. చదవడానికి కళ్లు చాలని అనేదాన్ని. ఈ తప్పును పట్టుకోవడానికి నా కళ్లు చాలవు. మీ కంప్యూటరు వాళ్ల లెక్కలూ చాలవు. ఈ రెండూ ఒక్క మనిషిలో ఉండాలి. అలాంటి మనిషిని ఏ గదిలో కూర్చోబెట్టాలో తెలీక ఇన్నేళ్లూ నిలబెట్టాం." కుర్చీ వైపు చెయ్యి చూపించింది. "ముందు కూర్చోమ్మా."

భూతద్దం కూర్చుంది. తలుపు దగ్గర కంప్యూటరు పట్టుకుని నిలబడ్డ మరిది వైపు చూసి చిన్నగా నవ్వింది. మరిది నవ్వలేదు.

"నా అభిప్రాయం చెప్పేశాను," అంది ఎర్రసిరా. "మీదేమిటి?" అని ఎడమపక్కకు తిరిగింది.

తలూపుడాయన మొదటిసారి నోరు తెరిచాడు. గొంతు మెత్తగా ఉంది.

"నాకు చాలా సంతోషంగా ఉంది. ఒక్కటే చిక్కు." చేతులు బల్ల మీద పెట్టాడు. "వ్యాసం అచ్చయ్యే ముందు పేరు చెప్పకుండా ఒకరి చేత చదివిస్తారు కదా. మీది చదివింది నేనే. ఈ మాట బయట పెట్టకూడదు. ఇవాళ పెట్టక తప్పడం లేదు."

పెద్దసారు నిటారుగా కూర్చున్నాడు.

"అప్పుడు నేనొక ప్రశ్న రాసి పంపాను. రాత లేని ఖాళీ మూల చూపిస్తే మీ యంత్రం ఏమంటుందో పరీక్షించి చెప్పమన్నాను. అంతకుముందు మా దగ్గర ఒకరు ఇలాగే బోల్తాపడ్డారు, అందుకని అడిగాను."

భూతద్దం అయోమయంగా చూసింది. "ఆ ప్రశ్న నాకు రాలేదండీ."

"జవాబు వచ్చిందమ్మా. పరీక్షించాం, తెలియదంది, అని. అది నమ్మే నేను అచ్చుకు సరేనన్నాను. జవాబు కింద ఉన్నది మీ పేరు."

ఆసుపత్రిలో స్టూలు, అత్తగారి కట్టు కట్టిన కాలు, ఫోనులో మరిది గొంతు ఒకదాని వెనక ఒకటి భూతద్దానికి గుర్తొచ్చాయి. అన్నీ నేను చూసుకుంటాలే వదినా, నువ్వు అమ్మ దగ్గరుండు. పొద్దున చల్లారిన టీ. ఖాళీ కాగితం గురించి ఎవరడుగుతారు వదినా?

ఎర్రసిరా చెయ్యి మెల్లగా కలం మీదికి వెళ్లింది. మూత ఇంకా తియ్యలేదు.

"ఇది తేలకుండా నేను సంతకం పెట్టలేను," అంది. "తప్పు చెయ్యడం వేరు. చెయ్యని పరీక్ష చేశామనడం వేరు. అది నువ్వే రాసి ఉంటే ఈ కొలువే కాదు, ఈ పనిలోనే నీకు చోటుండదు. నువ్వు కాకపోతే, రాసినవాళ్లకు ఉండదు. ఎవరైనా సరే."

తలుపు దగ్గర కంప్యూటరు మూత టక్కున పడింది. ప్రతి ముఖాన్నీ ప్రతి కాగితాన్నీ దగ్గరికెళ్లి చూసే భూతద్దం, ఆ చప్పుడు వైపు మాత్రం తిరగలేదు. తను తిరిగితే ఆ ముగ్గురూ తిరుగుతారు.

"చెప్పమ్మా," అంది ఎర్రసిరా. "రాసిందెవరు?"